మోచెయ్యి దగ్గర పెట్టు, కోడలా

ఆదివారం పొద్దున ఖమ్మంలో చెరువు కట్ట మీద, కొత్తగా కెమెరాలు కొనుక్కున్న కొందరికి పాఠం చెబుతున్నాను. అందులో ఒకమ్మాయి, అందరు కొత్తవాళ్లలాగే, కెమెరా ఎక్కడ కరుస్తుందో అన్నట్టు చేతులు బార్లా చాపి దూరంగా పట్టుకుంది. నేను రెండు వేళ్లతో ఆమె మోచేతిని పక్కటెముకలకు ఆనేలా నెడుతుండగా ఫోన్ మోగింది. మణుగూరు నుంచి మా బావ, మేనత్త కొడుకు. "అమ్మ పోయిందే" అన్నాడు. నా వేళ్లు ఆ అమ్మాయి మోచేతి మీదే ఉండిపోయాయి. "ఇంకా లోపలికా మేడం?" అని అడిగింది. "అవునమ్మా, ఇంకొంచెం" అన్నాను.

ఆ పాఠం నాది కాదు. కొత్తవాళ్లకు నేను చెప్పేవాటిలో నాదంటూ ఒక్కటీ లేదు. అన్నీ మా మేనత్తవే. నాన్నకు అక్క. తల్లాడ దగ్గర మా ఊళ్లో పుట్టి, పెళ్లయ్యాక మణుగూరు వెళ్లింది. మామయ్యది బొగ్గు గనిలో ఉద్యోగం. షిఫ్టు దిగి వచ్చిన మనిషి పట్టపగలు నిద్రపోతుంటే చప్పుడు చేయకుండా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. కాలనీ బయట ఒక షట్టరు గది కిరాయికి తీసుకుని ఫోటో స్టూడియో పెట్టింది. "నేను ఇంట్లుంటే మీ మామకు నిద్రుండదు, నాకు మాటుండదు. ఇద్దరికి మంచిగైంది" అనేది. కాలనీవాళ్లు ఆమెను స్టూడియో మేడం అనేవారు. చుట్టుపక్కల గూడేల నుంచి సంతకు వచ్చే ఆడవాళ్లు ఫోటోలమ్మ అనేవారు. ఆమెకు ఆ రెండో పిలుపే ఇష్టం.

కాలేజీ సెలవులకు వెళ్లినప్పుడు నాకూ నేర్పమని వెంటపడ్డాను. మొదటి రోజు కెమెరా ముట్టుకోనివ్వలేదు. నిండా నీళ్లున్న చెంబు చేతికిచ్చి, తొణక్కుండా కంటి దాకా తెమ్మంది. చేతులు చాపి తెచ్చాను. సగం నీళ్లు నా మీదే పడ్డాయి. అత్తమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత వచ్చి రెండు వేళ్లతో నా మోచేతిని లోపలికి నెట్టింది. "మోచెయ్యి దగ్గర పెట్టు, కోడలా. నీ చెయ్యి గాలిల ఉంటే నీ ఫోటో గూడ గాలిలనే ఉంటది" అంది. రెండోసారి చుక్క కూడా కింద పడలేదు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం గురించి కూడా చెప్పాలి. ఆమె ముందుపళ్లు రెండు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండేవి. చిన్నప్పుడు ఎవరో ఎగతాళి చేశారట. అప్పటి నుంచి ఎంత నవ్వు వచ్చినా ముందు చెయ్యి లేచేది, తర్వాతే నవ్వు వచ్చేది. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషి కాబట్టి ఆమె ఫోటోలు అసలే తక్కువ. ఏ పెళ్లి గుంపులోనో దొరికిన ఒకటీ అరా ఫోటోల్లో కూడా కళ్లూ, వాటి కింద అరచెయ్యీ, అంతే కనిపిస్తాయి.

మణుగూరులో బొగ్గు దుమ్ము వాలని వస్తువు ఉండదు. నేను ఒకసారి చున్నీతో లెన్సు తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు ఊదు, తర్వాత తుడువు. దుమ్మును పెట్టి రుద్దితే అద్దం పాడైతది." అలాగని నోటితో ఊదనిచ్చేది కాదు, తుంపర పడుతుందని. దాని కోసం ఒక రబ్బరు బుడ్డి ఉండేది. నొక్కితే బుస్సుమని గాలి వచ్చేది. ఆ బుడ్డికి రెండో పని కూడా ఉండేది. స్టూడియోలో బిగుసుకుపోయిన చంటిపిల్లల ముక్కు మీద దానితో ఒకసారి బుస్సుమనిపించేది. పిల్లలు ఉలిక్కిపడి, ఆ వెంటనే కిలకిలా నవ్వేవారు. మా అత్తమ్మ చేతిలో ఏడ్చి వెళ్లిన పిల్లను నేను చూడలేదు.

గూడెంలో పెళ్లికి పిలిస్తే నన్నూ వెంట తీసుకెళ్లేది. మధ్యాహ్నపు ఎండకు అందరూ చెట్ల కిందికి చేరతారు. నేనూ తెలివిగా పెళ్లికూతురిని చెట్టు కిందే నిలబెట్టాను. ఫోటోలో పిల్ల మొహమంతా ఎండ మచ్చలు. "చిరుతపులిని తీసినవా ఏంది?" అంది అత్తమ్మ. అప్పుడు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నీడ అంచు వరకూ నడిపించింది. మనిషి నీడలోనే ఉండాలి, మొహం మాత్రం వెలుగు వైపు తిరగాలి. చెప్పడానికి ఇంతే. ఈ మాట అర్థం కావడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది.

మా వైపు పెద్దవాళ్లకు ఒక అలవాటుంది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే స్టూడియోకి వచ్చి ఒక ఫోటో తీయించుకుని, ఫ్రేము కట్టించి, బీరువా వెనక దాచిపెట్టుకుంటారు. తాము పోయాక గోడకెక్కి దండ వేయించుకునే ఫోటో అది. దండ ఫోటో అంటారు. ఎందుకు తీయించుకుంటున్నారో వాళ్లు చెప్పరు, అత్తమ్మ అడగదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ఒక ముసలాయన ఒక్కడే మెట్లెక్కి వస్తే చాలు, ఆమె గొంతు మెత్తబడేది. స్టూలు తుడిచి తలుపు పక్కన వేసి, షట్టరు సగానికి దించి, ఆయన మొహం మీదికి ఒక పక్క నుంచే వెలుగు వచ్చేలా చూసేది.

"తెల్లబట్ట కనబడంగనే కెమెరా బెదురుతది కోడలా. అంతా చీకటి చేస్తది. నువ్వు బెదరకు. వెలుగు ఇంత పెంచుకో. మనం చొక్కాను తీస్తలేం, మనిషిని తీస్తున్నం" అని నాకు చెప్పేది. ఎవరైనా రంగు కొంచెం తెలుపు చేయమని అడిగితే మాత్రం ఒప్పుకునేది కాదు. "నీ రంగుకేమైందే పెద్దాయనా? నీ మనవలు నిన్ను గుర్తువట్టొద్దా?" అని నవ్వుతూ కసిరేది.

ఇంకో మాట కూడా చెప్పేది. దీన్ని నేను ఏ తరగతిలోనూ చెప్పకుండా వదల్లేదు. "క్లిక్కుమనంగనే కెమెరా దించకు. అప్పటిదాంక ఊపిరి బిగవట్టుకోని కూసుంటరు పాపం. అయిపోయిందనుకోని వదిలేస్తరు సూడు, అప్పుడొస్తది అసలు మొహం. అది పట్టు." మణుగూరు చుట్టుపక్కల గోడల మీద దండలు వేసుకుని ఉన్న ఎంతోమంది పెద్దవాళ్లు, తమ ఫోటో అయిపోయిందని అనుకున్నాక తీసిన ఫోటోల్లో ఉన్నారు.

ఆమె జబ్బును డాక్టరు కంటే ముందు కంప్యూటరు తెర చెప్పింది. ఫోటోలు కదిలినట్టు రావడం మొదలైంది. అత్తమ్మ లెన్సును తిట్టింది. దానికి వయసైపోయిందని, నాకు తెలిసిన రిపేరు అతని దగ్గర చూపిద్దామని ఖమ్మం వచ్చింది. అతను లెన్సు బిగించి ఎదురుగా గోడ మీది క్యాలెండరును ఫోటో తీశాడు. పెద్దది చేసి చూపిస్తే తిథి, వారం, చిన్న అక్షరాలు కూడా చక్కగా ఉన్నాయి. "లెన్సు బంగారం లెక్కున్నదమ్మా" అన్నాడు. అత్తమ్మ కెమెరా తీసుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, అదే క్యాలెండరును తీసింది. ఆ అక్షరాలన్నీ రెండేసిగా కనబడ్డాయి.

ఆమె లెన్సుకు మూత పెట్టబోయింది. జారింది. మళ్లీ పెట్టబోయింది, మళ్లీ జారింది. నేను పెడతానన్నాను, ఇవ్వలేదు. బస్టాండులో కూర్చున్నాక అంది, "లెన్సే అయితే మంచిగుండు కోడలా. కొత్తది కొనుక్కుందుము."

పెద్ద దవాఖానాలో దానికి పేరు చెప్పారు. వణుకుడు జబ్బు. మందు బిళ్లలు దాన్ని కొంచెం నిమ్మళం చేస్తాయి కానీ పోగొట్టవని కూడా చెప్పారు. ఆ రోజు నుంచి అత్తమ్మ కొత్తవాళ్లకు చెప్పే చిట్కాలన్నీ తన మీదే వాడుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి వణికినా బొమ్మ కదలకుండా షట్టరు వేగం పెంచింది. వేగం పెంచితే బొమ్మ చీకటవుతుంది కాబట్టి, తక్కువ వెలుగులోనూ తీయనిచ్చే ఐఎస్ఓ పెంచింది. ఫోటోలో ఇసుక చల్లినట్టు గింజలు కనబడితే, "కదిలిన ఫోటోకన్న గింజలున్న ఫోటో నయం" అంది. ఆ తర్వాత గోడకు ఆనుకుని తీసింది. ఆ తర్వాత స్టాండు మీద పెట్టి తీసింది. స్టాండు మీద పెట్టినా బటన్ నొక్కేటప్పుడు కెమెరా కదులుతోందని, దూరం నుంచి నొక్కే రిమోటు పంపించాను. ఒక్కో చిట్కా కొన్నాళ్లు పనిచేసింది. నేను ప్రతి వారం ఫోన్ చేసి ఇంకోటి చెప్పేదాన్ని. ఆమె వినేది. "అవ్ కోడలా, గట్లనే చేస్త" అనేది. నా దగ్గర చిట్కాలు అయిపోతున్నాయని ఆమెకు నాకంటే ముందే తెలుసు.

చేతుల తర్వాత జబ్బు మొహానికి వచ్చింది. ఆ జబ్బులో మొహం కండరాలు బిగుసుకుపోతాయట. చూపు ఒకేచోట నిలిచిపోతుంది, పెదాలు కదలవు. ఎదుటివాళ్లకు కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. మామయ్య రోజుకోసారి "నామీద కోపమొచ్చిందా ఏంది?" అని అడిగేవాడు. స్టూడియోలో పిల్లలు ఆమెను చూసి తల్లుల చంకల్లో దాక్కోవడం మొదలుపెట్టారు. రబ్బరు బుడ్డితో బుస్సుమనిపిస్తే ఏడ్చేవారు. ఒక పాప అలా ఏడ్చి వెళ్లిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. అత్తమ్మ బుడ్డిని డ్రాయరులో పెట్టి, నా వైపు తిరిగింది. మొహంలో ఏమీ లేదు. గొంతు కూడా సన్నబడిపోయింది. "మొహం నా మాట ఇంటలేదు కోడలా. లోపల నేను నవ్వుతనే ఉన్న" అంది.

ఆ చలికాలం ఫోన్ చేసి, కెమెరా తీసుకుని రమ్మంది. వెళ్లేసరికి ఆకుపచ్చ చీర కట్టుకుని, మామయ్య దువ్విన జడతో, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మామయ్య పాపిట వంకరగా తీశాడు. ఆయన చేతనైనంత చేశాడు. షట్టరు సగానికి దించి ఉంది. ఎవరి ఫోటో అని నేను అడగలేదు. అడగకూడదని ఆమే నేర్పింది.

తీశాను. వెలుగు బాగుంది, కన్ను మీద ఫోకస్ బాగుంది, అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. వెనక తెర మీద చూపించాను. చాలాసేపు చూసింది. "ఇదెవరే? కరెంటు ఆఫీసుల కూసున్న మనిషి తీర్గ ఉన్నది" అంది. మామయ్యా నేనూ నవ్వాం. ఆమె కూడా నవ్వే ఉంటుంది, మాకు కనబడలేదు. ఆ తర్వాత మామూలు మాటలా చెప్పింది. "ఈ మొహంతోని నన్ను గోడకెక్కియ్యకున్రి. ఫోటోలమ్మకు మనమీద కోపమొచ్చి పోయిందనుకుంటరు వచ్చినోళ్లు. నవ్వేది ఒక్కటి తియ్యి నాది. నీకొస్తది."

నాకు రాలేదు. మందు వేసుకున్న గంటకు తీశాను, కొంచెం తేలికగా ఉంటుందేమోనని. పాత సంగతులు చెప్పి నవ్వించబోయాను. క్లిక్కుమన్నాక కెమెరా దించకుండా ఎదురుచూశాను, అసలు మొహం వస్తుందేమోనని. ఆ మొహం రాలేదు. చివరికి డ్రాయరులోంచి రబ్బరు బుడ్డి తీసి ఆమె ముక్కు మీదే బుస్సుమనిపించాను. కళ్లు మూసి తెరిచింది. "నవ్విన. పడ్డదా?" అని అడిగింది. తెర మీద చూశాను, పడలేదు. కెమెరాలో అన్నిటికీ ఒక మీట ఉంది. వెలుగుకు ఉంది, వేగానికి ఉంది, రంగుకు ఉంది. లోపలి నవ్వును బయటికి తెచ్చేది మాత్రం ఎక్కడా లేదు.

నా చేతులు అలసిపోయాయి. దిగులో, అలసటో, మోచేతులు సడలిపోయాయి. అయినా ఇంకొకటి తీయబోయాను. అప్పుడు ఆమె చెయ్యి స్టూలు మీద నుంచి లేచి, వణుక్కుంటూ నా వైపు వచ్చింది. నేను అప్పటికే బటన్ నొక్కేశాను. రెండు వేళ్లు నా మోచేతిని తాకి లోపలికి నెట్టాయి. ఆ వేళ్లలో నెట్టే బలం లేదు, నేనే లోపలికి జరుపుకున్నాను. "మోచెయ్యి దగ్గర పెట్టు, కోడలా" అంది.

చెయ్యి అడ్డం వచ్చిందని ఆ చివరి ఫోటోను చెరిపేయబోయాను. ఆమె కళ్లు నా వేలి మీద పడ్డాయి. "తీసెయ్యకు. చిన్న తెర మీద సూసి ఏదీ తీసెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పిన? ఇంటికి పోయి పెద్ద తెర మీద సూడు." ఇంటికి వచ్చి పెద్ద తెర మీద మొదటి నాలుగైదు చూసి మూసేశాను. చూడబుద్ధి కాలేదు. డాక్టరు మందు మారుస్తానన్నాడు, మార్చాక మళ్లీ వచ్చి తీస్తానని ఫోన్లో చెప్పాను. ఫోటోలు మాత్రం బావకు పంపి దాచి ఉంచమన్నాను. ఆ చివరిది ఎటూ పనికిరాదని పంపలేదు. మందు మార్చేలోపే ఆమెకు నిమ్ము చేసింది.

దశదిన కర్మకు ముందు బావ ఫోన్ తీసి నాకూ మామయ్యకూ చూపించాడు. "సూడున్రి, అమ్మ నవ్వింది." ఆకుపచ్చ చీర, వంకర పాపిట, నేను తీసిన ఫోటోనే. దాన్ని ఏదో యాప్‌లో పెట్టి నవ్వించాడు. పెదాలు విచ్చుకుని, తెల్లని పలువరుస, ఒక్క పన్ను కూడా పక్కకు జరగకుండా. ఫ్లెక్సీ వాళ్లకు పంపించేశాడు, ఫ్రేము కూడా దానిదే కట్టిస్తున్నాడు. మామయ్య కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పండ్లు ఎవరియి రా?" అని అడిగాడు.

బావ మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "నవ్వేది పెట్టమని అమ్మే అడిగింది గదనే. నువ్వు తీసినియ్యన్ని సూసిన. ఒక్కదాంట్ల గూడ నవ్వలె. నన్నేం చెయ్యమంటవు మరి?" అతను తప్పేమీ చేయలేదు. తల్లి అడిగినదాన్ని నేను ఇవ్వలేకపోయాను, అతను ఇచ్చాడు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, ఏడుపు. నేను తల వంచుకుని ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

కర్మ రోజు ఇంటి ముందు ఆ ఫ్లెక్సీ కట్టారు. వచ్చినవాళ్లంతా ఎంత కళగా ఉందో అన్నారు. మధ్యాహ్నం అడవి ఊళ్ల నుంచి కొంతమంది వచ్చారు. వాళ్లలో ఒక ముసలామె, ప్లాస్టిక్ కవరులో చుట్టిన తన భర్త ఫోటో తెచ్చుకుంది, అత్తమ్మ తీసిందే. బంతిపూలు చేత్తో పట్టుకుని, సరిగ్గా ఆ ఫ్లెక్సీ కింద నిలబడి నన్ను అడిగింది, "ఫోటోలమ్మది ఏదమ్మా?" నేను పైకి చూపించాను. ఆమె తలెత్తి చూసింది. నన్ను చూసింది. మర్యాద తెలిసిన మనిషి, ఇంకేమీ అనకుండా పూలు కింద పెట్టి దండం పెట్టుకుంది.

ఖమ్మం వచ్చాక ఆ రోజు తీసినవన్నీ పెద్ద తెర మీద తెరిచాను, ఆమె చెప్పినట్టు, ఒక్కటీ వదలకుండా. చివరిది చూసి బావకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "చెయ్యే ఉన్నది గదనే దీంట్ల. మొహం సగం గూడ కనబడ్తలేదు. ఇది గోడకెట్ల పెడ్తం?" నిజమే, పెట్టలేం. గోడ మీద ఆ తెల్లని పలువరుస ఫోటోయే ఉంది. మొన్న వెళ్లినప్పుడు దానికి దండ మార్చింది కూడా నేనే.

ఈ చివరి ఫోటోను మాత్రం నేను చెరిపేయలేదు. కొత్తవాళ్లు చూస్తే కదిలిందని పక్కన పడేస్తారు. కానీ వెనక గోడ కదలలేదు, తలుపు కదలలేదు, ఆమె కళ్లు నిలకడగా ఉన్నాయి, రెండింటిలోనూ సగం దించిన షట్టరు కింది వెలుగు చిన్న చుక్కగా ఉంది. కదిలింది చెయ్యి ఒక్కటే. నా మోచేతి కోసం లేచిన ఆ చెయ్యి, మసకగా, సరిగ్గా ఆమె నోటికి అడ్డంగా వచ్చి ఆగింది. దాని వెనక నవ్వుతోందో లేదో నాకు తెలియదు. చెయ్యి అడ్డముంది, ఎప్పటిలాగే.